మూతి బిగిసిన బాకాలు

పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టే నాటికి ఆమెకు బాకాకీ బూరకీ తేడా తెలియదు. పుట్టింట్లో సంగీతమంటే పక్కవాటా వాళ్ళ రేడియో, అంతే. పెళ్ళికి ముందు ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. ఆవగింజంత మరలను చిమటా మొనతో అందుకుని కళ్ళజోడు కాడలకు బిగించడం ఆమె పని. పెళ్ళితో ఆ ఉద్యోగం మానేసింది. మళ్ళీ మర పట్టుకునే అవసరం వస్తుందని ఆమె అనుకోలేదు.

అత్తవారి ఇంట్లో ముందుగది గది కాదు, దుకాణం. గోడ పొడుగునా మేకులకు ఇత్తడి వాయిద్యాలు వేలాడుతుండేవి. కొన్ని బాగుపడి యజమానుల కోసం ఎదురుచూసేవి, కొన్ని ఇక బాగుపడవని తేలిపోయి విడిభాగాల కోసం ఉండిపోయినవి. కిటికీ కింద పొడవాటి చెక్కబల్ల, దాని అంచున వస్తువును బిగించి పట్టే ఇనుప వైసు, పక్కన చిన్న గ్యాసు పొయ్యి, ఒక బకెట్టు నీళ్ళు. టంకం వాసన, పాలిష్ వాసన ఆ గది దాటి పడగ్గదిలో దుప్పట్ల దాకా వచ్చేవి. ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి ఆమె మామగారు. బడి బ్యాండు పిల్లలు మొదలుకుని పోలీసు బ్యాండు వాళ్ళ దాకా అందరూ ఆయన్ని మేస్త్రిగారనే పిలిచేవారు. అత్తగారు ఆమె రాకముందే పోయారు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. తండ్రి పని అతనికి అంటలేదు. "చిన్నప్పట్నుంచి ఇంట్లో విన్న మోత చాలు" అని బస్సు హారన్ కూడా కొట్టేవాడు కాదు. అడ్డంగా వచ్చేవాళ్ళను కిటికీలోంచి తల బయటపెట్టి బతిమాలుకునేవాడట.

మేస్త్రిగారి దగ్గరికి వచ్చే పనుల్లో సగానికి సగం ఒకటే జబ్బు. బాకాకు నోటి దగ్గర పెట్టుకునే మౌత్‌పీస్ విడిగా ఉంటుంది. దాని కాడ కిందికి పోనుపోను సన్నబడుతుంది. దాన్ని గొట్టంలో ఊరికే ఉంచి కాస్త తిప్పితే చాలు, నిలబడుతుంది. కానీ పిల్లలకు దాని మీద అరచేత్తో కొడితే వచ్చే టప్‌మనే చప్పుడు సరదా. ఒకసారి అలా కొట్టాక అది ఇరుక్కుపోతుంది. బాకా చేజారి బోర్లా పడినా అంతే. వాయించి తుడవకుండా పెట్టెలో పడేసి నెలలకు నెలలు మరిచిపోయినా పచ్చటి చిలుము పట్టి అంతే.

మౌత్‌పీస్‌ను మేస్త్రిగారు 'మూతి' అనేవారు. ఆయన నోట విని విని ఊళ్ళో వాయించేవాళ్ళందరికీ అదే అలవాటైంది.

"మేస్త్రిగారూ, మా బాకా మూతి బిగించుక్కూచుంది."

"నువ్వేమన్నావు దాన్ని?"

రోజూ ఎవరో ఒకరితో ఈ మాటలు నడిచేవి. ఆయన నవ్వకుండా అడిగేవారు, వచ్చినవాళ్ళు నవ్వేవారు. తర్వాత మాత్రం కోర్టులో లాయరులా ఆరాలు మొదలయ్యేవి. "తలుపు సందులో పెట్టి లాగావా? లాగలేదా? నిజం చెప్పు. పటకారు పెట్టావా? ఈ గీతలేంటి మరి, పిల్లి గీకిందా?" అంతా అయ్యాక ఒకే ఒక్క సూత్రం చెప్పేవారు. "మెలి తిప్పకూడదు నాయనా. గొట్టం పల్చటి రేకు, బట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది. తీస్తే నిలువుగా తియ్యాలి. మొండికేసినవాళ్ళని మెడపట్టి తిప్పితే వింటారా?"

తీయడానికి ఆయన దగ్గర పుల్లర్ ఉండేది. రెండు ఇనుప పలకలు, వాటిని కలుపుతూ చెరోవైపు పొడుగాటి మర. ఒక పలక మూతి వెనక పడుతుంది, ఒకటి గొట్టం అంచున ఆనుతుంది. మరలు తిప్పేకొద్దీ పలకలు దూరం జరిగి మూతి బయటికి వస్తుంది. చూడ్డానికి అంత సులువే. రెండు మరలూ సమంగా తిరగకపోతే మాత్రం కాడ వంకరపోతుంది, పుల్లర్ జారుతుంది. అటు కాస్త, ఇటు కాస్త. మధ్యమధ్య కొయ్య సుత్తితో గొట్టం అంచు చుట్టూ, నిద్రపోయేవాణ్ణి లేపినంత మెల్లిగా తట్టాలి.

కోడలు ఇదంతా టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడూ, గది తుడిచేటప్పుడూ చూస్తూనే ఉండేది. వింటూనే ఉండేది. మామాకోడళ్ళ మధ్య మాటలు తక్కువ. ఆయన "అమ్మాయ్, టీ బావుంది" అనేవారు. ఆమె "ఇంకొంచెం పొయ్యనా మావయ్యా?" అనేది. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఒకనాటి పొద్దున ఆసుపత్రి నర్సు బాకా పట్టుకుని వచ్చింది. నర్సమ్మ ఊరి బ్యాండులో వాయించేది. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద నవ్వు. రాత్రి డ్యూటీ దిగి తెల్లబట్టలతోనే రిహార్సలుకు వెళ్తుంటే స్కూటరు వెనకనుంచి పెట్టె జారి, మూత ఊడి, బాకా మూతి మీదే బోర్లా పడిందట.

"నేనేమీ అనలేదు మేస్త్రిగారూ, అదే అలిగింది" అంది ఆయన అడగకముందే.

"రేపొచ్చి తీసుకెళ్ళు" అన్నారు మేస్త్రిగారు.

మర్నాడు వస్తే, "ఇంకా నూనెలో నానుతోంది" అన్నారు. తర్వాత వారం వచ్చినా నానుతూనే ఉంది. పార్కులో బ్యాండు ప్రోగ్రాం దగ్గర పడుతోందని నర్సమ్మ గుర్తుచేస్తే, "తొందరపడితే విరుగుతుంది" అన్నారు, ఆమె ముఖం చూడకుండా.

కోడలికి ఏదో తేడాగా అనిపించింది. ఆ గదిలో ఏ మూతీ అన్నాళ్ళు నానడం ఆమె చూడలేదు. అదొక్కటే కాదు. మామగారు టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటున్నారు. చొక్కా బొత్తాలు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకుంటున్నారు. ఒకరోజు టీ తెచ్చేసరికి గదిలో తోలు మాడిన వాసన వచ్చింది. చూస్తే ఆయన కుడిచేతి వేలు వేడి టంకపు కడ్డీకి ఆనుకుని ఉంది.

"మావయ్యా, వేలు!"

ఆయన చెయ్యి తీసి చూసుకున్నారు. అది ఎవరో పరాయివాళ్ళ వేలైనట్టు చూసుకున్నారు. తర్వాత "ఏం లేదు, నువ్వెళ్ళు" అన్నారు.

మర్నాడు ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆమె గది ఊడ్చింది. బల్ల కింద, పాత డబ్బాల వెనక, తువ్వాలులో చుట్టిన మూట చీపురుకు తగిలింది. విప్పి చూసింది. నర్సమ్మ బాకా. మూతి ఇంకా ఇరుక్కునే ఉంది. దాని వెనక గొట్టం మాత్రం తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి ఉంది. గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న ఊతలు రెండూ ఊడిపోయాయి. ఇత్తడి మీద పటకారు పళ్ళు లోతుగా దిగిన గుర్తులు.

ఆమె చీపురు పక్కన పెట్టి నేలమీదే కూర్చుండిపోయింది. మెలి తిప్పకూడదు నాయనా, అన్న గొంతు దుకాణం గది పరదా ఇవతలినుంచి ఎన్నిసార్లు విని ఉంటుంది! ఆ చెయ్యే ఈ పని చేసిందంటే ఆ చేతికి ఏమై ఉండాలి? ఆయన ఆ మూటను రోజూ కాలి దగ్గర పెట్టుకుని ఎలా కూర్చుంటున్నారో! తువ్వాలును ముందున్న మడతల్లోనే చుట్టి, డబ్బాల వెనక పెట్టేసింది.

సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చి వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు చెప్పింది.

"ఆ గదిలోంచి లేవమని ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు" అన్నాడు. "నీకుందా?"

"లేవమని ఎవరన్నారు?" అంది ఆమె.

మర్నాడు వంట ముగించి, వంటింట్లో పీట తెచ్చుకుని మామగారి బల్ల పక్కన వేసుకుని కూర్చుంది. ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు.

"ఏంటమ్మాయ్?"

"నాకు ఈ పని నేర్పించండి మావయ్యా."

"ఎందుకు?"

"ఇంట్లో తోచట్లేదు."

"తోచకపోతే రేడియో పెట్టుకో."

"పాడైంది."

"నిన్న పాడిందిగా?"

"నిన్న పాడింది. ఇవాళ పాడైంది."

మేస్త్రిగారు నవ్వకూడదనుకున్నారు కానీ ఆగలేదు. తర్వాత గోడమీద అన్నిటికన్నా పైన, బూజు పట్టి ఉన్న, మీటలు లేని చిన్న బాకా లాంటి ఒక బ్యూగిల్‌ను చూపించి దించమన్నారు. దాని మూతి ఆయన పెళ్ళికి ముందునుంచీ ఇరుక్కుని ఉందట. ఎవరూ తీసుకెళ్ళలేదు, ఆయనా పట్టించుకోలేదు.

"ఇది తీస్తే నేర్చుకున్నట్టే. విరిచినా అడిగేవాళ్ళు లేరు."

పుల్లర్ ఎలా తగిలించాలో చెప్పారు. చెబుతూ చెబుతూ అలవాటుకొద్దీ కుడిచెయ్యి ముందుకు చాచారు. మర దాకా వెళ్ళిన చెయ్యి అక్కడ ఆగింది. మెల్లిగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. ఆమె చూడనట్టే మర తిప్పింది. అటు కాస్త, ఇటు కాస్త. కళ్ళజోళ్ళ దుకాణం అలవాటు వేళ్ళలో ఇంకా ఉంది. మర ఎక్కడ బరువెక్కుతోందో తెలుస్తోంది, ఆ బరువుకు అర్థమేమిటో మాత్రం తెలియడం లేదు. ఇనుము ఒకసారి కిర్రుమంది. ఆమె భయపడి ఆపేసింది.

అప్పుడు మేస్త్రిగారు లేచి వచ్చి బల్లమీదికి వంగారు. కళ్ళజోడు తీసి, చెంపను బ్యూగిల్ గొట్టానికి ఆనించి కళ్ళు మూసుకున్నారు. చంటిపిల్లల గుండె వినేవాళ్ళలా.

"తిప్పు."

తిప్పింది.

"ఆగు. కుడివైపు ఎక్కువైంది. కొంచెం వదులు... ఇంకొంచెం. ఇప్పుడు ఎడమవైపు. ఆఁ. సుత్తి తీసుకుని తట్టు. అంత గట్టిగా కాదు తల్లీ, లేపుతున్నావు, కొట్టట్లేదు."

వేడినీళ్ళలో ముంచిన గుడ్డ గొట్టానికి చుట్టమన్నారు. ఇత్తడి వేడికి కాస్త వ్యాకోచిస్తుందని చెప్పారు. మళ్ళీ చెంప ఆనించారు. వేడి గుడ్డ పక్కనే ముఖం పెట్టి, చెమటలు కారుతున్నా కదల్లేదు. మధ్యాహ్నం ఎండ బల్లమీదినుంచి నేలమీదికి దిగింది. ఎక్కడో ఏదో టుక్కుమంది. ఆమె చేతిలో మర ఒక్కసారిగా తేలికైపోయి, మూతి ఊడి ఒళ్ళో పడింది.

ఆమె గట్టిగా నవ్వేసింది. నవ్వాక చూసుకుంటే కళ్ళు తడిగా ఉన్నాయి. మేస్త్రిగారు ఆ మూతిని రెండు అరచేతుల మధ్య పట్టుకుని అటూ ఇటూ దొర్లించారు. ఆయన చెంపమీద గొట్టం అచ్చు ఎర్రగా పడింది.

"బల్ల కింద చూశావా?" అన్నారు తల ఎత్తకుండా.

"చూశాను."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారని."

ఆయన మూతిని బల్లమీద పెట్టారు. "వేళ్ళకి ఏమీ తెలియట్లేదమ్మా. తొడుగు వేసుకుని పనిచేస్తున్నట్టుంది. పుల్లర్ జారింది. మళ్ళీ పెడితే మళ్ళీ జారింది. ఇన్నేళ్ళలో నాకు దానిమీద కోపం రాలేదు, ఆ రోజు వచ్చింది. పటకారు తీశాను. ఎంత గట్టిగా తిప్పుతున్నానో తెలిస్తేగా! చప్పుడైనాకే తెలిసింది." మూతిని కాస్త దూరంగా నెట్టారు. "ఊరందరికీ ఏది చెయ్యొద్దని చెప్పానో అదే చేశాను. పైగా ఆ పిల్లకి నానుతోందని అబద్ధం."

ఆ వారం నర్సమ్మ వచ్చేసరికి మేస్త్రిగారు తువ్వాలు మూటను బల్లమీద పెట్టుకుని కూర్చున్నారు. ఆమె నోరు తెరవకముందే, "నేనే విరిచానమ్మా" అన్నారు.

నర్సమ్మ మూట విప్పింది. ఆ గదిలో ఎప్పుడూ వినిపించే ఆమె పెద్ద గొంతు ఎటో పోయింది. మెలి తిరిగిన చోట వేలితో రాసింది. ఉద్యోగంలో చేరాక తనకంటూ కొనుక్కున్న మొదటి వస్తువు అది.

"ఈ పటకారు గుర్తులు..."

"నావే."

"ఇన్ని వారాలు నానుతోందన్నారే! నేను బ్యాండులో అందరికీ చెప్పుకున్నాను, మేస్త్రిగారి దగ్గరుంది, ఏం ఫర్వాలేదని!" బాకాను తువ్వాలుతో సహా ఎత్తుకుని గుమ్మం వైపు నడిచింది.

"అమ్మా, ఒక్కమాట" అని మేస్త్రిగారు చెయ్యి ఎత్తారు.

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన ముఖం వైపు కాదు, ఎత్తిన చేతి వైపు చూసింది. వేలిమీద మానని కాలిన మచ్చ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడి ఉంది. నర్సమ్మ బాకాను కోడలి చేతిలో పెట్టి, ఆయన ఎదురుగా పీటమీద కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి. నేనెక్కడ ముట్టుకున్నానో చెప్పండి."

పెన్ను మూతతో ఒక్కొక్క వేలునూ తాకింది. ఆయన కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు. "ఇంకా ముట్టుకోలేదుగా?" అన్నారు.

కోడలు మొహం పక్కకు తిప్పుకుంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది నర్సమ్మ. ఆయన నసిగారు. అంతే, పోయిన గొంతు రెట్టింపై తిరిగొచ్చింది. "వేలు కాలినా తెలియని మనిషి, ఆసుపత్రి ఎదురువీధిలో కాపురముంటూ, నాతో వారం వారం మాట్లాడుతూ, ఒక్కమాట చెప్పరా? బాకా విరిచినందుకు కాదు, ఇందుకు మీతో మాట్లాడకూడదు! రేపు పొద్దున్నే సిద్ధంగా ఉండండి, నేనే తీసుకెళ్తాను. చొక్కా బొత్తాలు సరిగ్గా పెట్టుకుని రండి."

పరీక్షలయ్యాయి. మెడలో నరం ఎన్నేళ్ళనుంచో నొక్కుకుపోయిందని డాక్టరు చెప్పాడు. మందులూ కసరత్తులూ రాశాడు. ఇక ముదరకుండా చూడొచ్చు, పోయిన స్పర్శ మాత్రం పూర్తిగా రాదన్నాడు. మేస్త్రిగారు ఇంటికొచ్చి దుకాణం తలుపు గొళ్ళెం పెట్టేశారు. ఆ రోజూ తీయలేదు, మర్నాడూ తీయలేదు.

మూడోనాడు కోడలు గొళ్ళెం తీసి, కిటికీ తెరిచి, బల్ల తుడిచి, లోపలికొచ్చి ఆయన ముందు నిలబడింది.

"నర్సక్క బాకా ఎవరు బాగుచేస్తారు మావయ్యా?"

"వేరే ఊళ్ళో ఎవరికైనా ఇద్దాం."

"విరిచింది మనం. బాగుచెయ్యడం వాళ్ళా?"

ఆ 'మనం' విన్నాక ఆయన మంచం మీదినుంచి లేచారు.

ముందు మెలి తిరిగిన గొట్టంలోంచి మూతిని తీశారు. పుల్లర్ పట్టుకున్నది కోడలు, చెంప ఆనించింది మామగారు. అన్ని వారాలు అంత గొడవ చేసిన మూతి, పోట్లాడి అలిసిపోయిన పిల్లలా, పెద్దగా బెట్టు చేయకుండా వచ్చేసింది. గోడమీద విడిభాగాల కోసం ఉంచిన ఒక బాకాకు అదే కొలత గొట్టం ఉంది. దాన్ని విప్పి దీనికి అతకాలి. అదే అసలు పని. మంట ఎక్కడ పెట్టాలో, ఇత్తడి ఏ రంగుకు వస్తే టంకం నీళ్ళలా పారుతుందో మేస్త్రిగారు పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె చేసింది. మొదటిసారి ముద్దకట్టింది. గీకేసి మళ్ళీ చేస్తే ఊత వంకరగా అతుక్కుంది. ఇంకోసారి చీర కొంగు అంచు కాలింది. ఆమె కడ్డీ కింద పెట్టేసి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నా మొదటి టంకం చూసి మా గురువు ఏమన్నాడో తెలుసా?" అన్నారు మేస్త్రిగారు. "కిటికీ మూసి పనిచెయ్యరా, కాకులు రెట్ట వేస్తున్నాయి అన్నాడు. నీది కాకిరెట్ట కాదు. పిచ్చుకది."

ఏడుస్తూనే నవ్వింది. మళ్ళీ కడ్డీ తీసుకుంది.

పార్కులో ప్రోగ్రాం నాటికి బాకా సిద్ధం కాలేదు. అడిగితే ఎవరైనా ఇచ్చేవాళ్ళే కానీ, నర్సమ్మ ఎవరిదీ అడగలేదు. సాయంత్రం పూట మేస్త్రిగారి పక్కన సిమెంటు బెంచీమీద కూర్చుంది. ఇద్దరూ కలిసి బ్యాండు మొత్తాన్నీ ఏకిపారేశారు. "ఆ రెండో వరసవాడు మూతిమీద కొట్టాడు చూశారా? రేపు మీ దగ్గరికే వస్తాడు" అని నర్సమ్మ అంటే, "నా దగ్గరికి కాదు, మా అమ్మాయి దగ్గరికి" అన్నారాయన. కోడలు పక్కనే ఉంది. ఆయన నలుగురిలో తనను కోడలు అనకుండా 'మా అమ్మాయి' అనడం అదే మొదటిసారి. ఏమీ విననట్టు పాటకు తల ఊపుతూ కూర్చుంది.

బాకా తయారయ్యాక నర్సమ్మ వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఊదింది. ఒక చిన్న వరుస వాయించి, మధ్యలో ఆపి, మళ్ళీ వాయించింది. మామాకోడళ్ళు ఆమె ముఖమే చూస్తున్నారు.

"గొంతు మారింది" అంది.

కోడలు టంకపు కడ్డీ అందుకుంది.

"చెడిపోయిందని కాదు. ఇదివరకు కాస్త ముక్కుతో పాడేది. ఇప్పుడు జలుబు తగ్గినట్టుంది" అని, కోడలి భుజం మీద చెయ్యి వేసి, "నీ చెయ్యి మంచిది చెల్లీ" అంది.

ఆ తర్వాత దుకాణం అలాగే నడిచింది. ఆయన చెవులు, ఆమె చేతులు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను చూసి గుమ్మంలోనే తటపటాయించేవారు. పోలీసు బ్యాండు పెద్ద ఒకాయన పెట్టె కింద పెట్టకుండా, "మేస్త్రిగారు లేరా అమ్మా?" అన్నాడు. "ఉన్నారు. వింటున్నారు, గట్టిగా మాట్లాడండి" అంది ఆమె. లోపలి కుర్చీలోంచి, "నేను లేను! ఆవిడకే చెప్పు!" అని మేస్త్రిగారి కేక వినబడింది. ఆ కుర్చీలోనే, కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టి ఆయన పోయారు. బాధేమీ పడలేదు.

బ్యాండు వాళ్ళందరూ వచ్చారు. ఏదైనా వాయించమంటారా అని అడిగారు. ఆమె ఆలోచించి, "ముందు అందరూ శ్రుతి చూసుకోండి. లేకపోతే లేచి తిడతారు" అంది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. శ్రుతి చూసుకునే వాయించారు. భర్త బస్సు వదిలి వచ్చి, అన్నేళ్ళలో మొదటిసారి ఆ ముందుగదిలో నేలమీద కూర్చుని, తండ్రి బల్ల కాలిని పట్టుకుని విన్నాడు. ఆ తర్వాత సెలవురోజుల్లో వచ్చి వైసు తిప్పిపెట్టడం, బకెట్టులో నీళ్ళు మార్చడం అతనే చేసేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఎప్పటినుంచో ఎవరికీ గుర్తులేదు కానీ జనం ఆమెను మేస్త్రిగారూ అని పిలవసాగారు. నర్సమ్మ రిటైరైంది. ఉద్యోగం పోయినందుకు ఆమె దిగులు పడలేదు, ముందుపళ్ళు పోయినందుకు పడింది. పెట్టుడుపళ్ళతో బాకా ఊదితే గాలి పక్కలనుంచి పోతుంది, చిగుళ్ళు నొప్పి. బ్యాండుకు వెళ్ళడం మానేసి, సాయంత్రాలు ఈ దుకాణంలో కూర్చుని ఊరి కబుర్లు చెప్పేది. అన్నీ చెప్పేది, బాకా మాట తప్ప.

"అక్కా, నీ బాకా తీసుకురా" అంది కోడలు ఒకరోజు.

"ఎందుకు? మూతి బిగుసుకోలేదుగా. నా మూతే వదులైపోయింది."

"తీసుకురా, చెప్తాను."

ఆమె అప్పటికే పాత డబ్బాలన్నీ వెతికి, అంచు వెడల్పుగా ఉన్న ఒక మూతి ఏరి పెట్టుకుంది. వెడల్పు అంచైతే పెదవిమీద ఒత్తిడి పరుచుకుంటుంది, పళ్ళమీద పడదు. దాని అంచును నున్నగా అరగదీసింది. నర్సమ్మ పెట్టి చూసింది, నొప్పి అంది. ఇంకాస్త అరగదీసింది. గాలి పోతోంది అంది. లోపలి గుంట లోతు మార్చింది. రోజూ సాయంత్రం ఇదే పని. నర్సమ్మ విసుక్కునేది. "వదిలెయ్యవే, ముసలిదాన్ని ఎందుకు హింసపెడతావు?" అంటూనే మర్నాడు టీ వేళకల్లా పెట్టె పట్టుకుని వచ్చేది.

ఒక సాయంత్రం మూతిని గొట్టంలో ఉంచి, మెత్తగా తిప్పి, బాకా అందించింది. నర్సమ్మ కళ్ళు మూసుకుని ఊదింది. ముందు ఉత్త గాలి వచ్చింది. తర్వాత, కింది స్థాయిలో, బొంగురుగా ఒక స్వరం పుట్టి, వణికి, నిలబడింది. ఊపిరి ఉన్నంతసేపు ఆమె దాన్ని వదల్లేదు.

లోపల అన్నం తింటున్న భర్త ఎంగిలి చేత్తోనే గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటది? ఎక్కడైనా దూడ తప్పిపోయిందా?"

"నీ నోట్లో మట్టి!" అని నర్సమ్మ బాకా దించి నవ్వింది. నవ్వుకు పెట్టుడుపళ్ళు జారితే చేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి అలాగే ఉంచుకుని, తడిసిన కళ్ళతో స్నేహితురాలి వైపు చూసింది.

"రేపు ఇంకో స్వరం చూద్దామా?"

"రేపెందుకక్కా, ఇంకా వెలుగుందిగా" అంది ఆమె. పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది.